పగడాల దీవుల్లో ఒక సంతకం

మన ఇళ్ళలో ఎవరైనా పాస్‌పోర్టు బయటికి తీశారంటే చుట్టాలు అడిగేవి రెండే ప్రశ్నలు. ఉమ్రాకా? గల్ఫుకా? 2024 అక్టోబరులో, దసరా సెలవులకు మేము కర్నూలు నుంచి బయలుదేరినప్పుడు కూడా అవే అడిగారు. రెండూ కాదు, మాల్దీవుల్లో వారం రోజులు పడవ మీద ఉండి, పిల్లలకు సముద్రం అడుగున ఏముందో చూపించడానికి వెళుతున్నామంటే కొందరు నవ్వారు. మొహల్లాలో ఒక పెద్దాయన మాత్రం సూటిగానే అన్నారు: "మౌల్వీసాబ్, డబ్బు నీళ్ళలో పోయడమంటే ఇదే కదా!"

ఆ మాట మాకు గుచ్చుకోకపోలేదు. అల్లాహ్ దయవల్ల మాకు అప్పులు లేవు. ఉమ్రా మూడేళ్ళ కిందటే పూర్తయింది. మా పెద్దల్లుడు నాలుగేళ్ళుగా మాల్దీవుల్లో ఒక దీవి బడిలో లెక్కల మాస్టారు. మన దేశం నుంచి వెళ్ళి అక్కడి బడుల్లో పాఠాలు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆయనా, తోటి ఉపాధ్యాయుల కుటుంబాలు రెండూ కలిసి ఒక చిన్న పడవను వారానికి మాట్లాడుకున్నారు. ఖర్చులో కొంత ఆయనది, కొంత మా పొదుపు. మేము, మా ఇంటావిడ, ఇంటర్ చదివే పదిహేడేళ్ళ రెండో అమ్మాయి, తొమ్మిదో తరగతి చదివే పద్నాలుగేళ్ళ అబ్బాయి, పెద్దమ్మాయీ అల్లుడూ, వెరసి ఆరుగురం.

తిరిగి వచ్చాక అందరూ చేపల సంగతులే అడిగారు. చెప్పాం. కానీ మా మనసులో నిలిచిపోయింది ఒక కాగితం సంగతి. పిల్లలున్న ప్రతి ఇంటికీ అది అవసరమనిపించి, మా తప్పుతో సహా ఇక్కడ రాస్తున్నాం.

గవ్వలు వచ్చిన దేశం

బెంగళూరు నుంచి మాలేకు విమానంలో సుమారు రెండు గంటలు. భారతీయులు ముందుగా వీసా తీసుకోనక్కరలేదు. ప్రయాణానికి 96 గంటల లోపు ఇంటర్నెట్‌లో ఒక వివరాల పత్రం నింపితే చాలు. విమానం దిగేటప్పుడు రెండు పక్కలా నీళ్ళే కనిపిస్తాయి. రన్‌వే సముద్రంలోంచి తేలినట్టుంటుంది.

ఆ దేశంలో దీవులు 1,200కు కొంచెం తక్కువ. మనుషులు కాపురముండేవి 200 లోపే. జనాభా అయిదు లక్షల పైచిలుకు. దీవులన్నీ పగడపు వలయాల మీద పూసల్లా గుచ్చినట్టుంటాయి. ప్రపంచమంతా ఇలాంటి వలయాన్ని 'అటోల్' అంటుంది. ఆ మాట అక్కడి దివేహీ భాష నుంచి పుట్టిందే. దివేహీ లిపి ఉర్దూలాగా కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. దానిలో మొదటి తొమ్మిది అక్షరాలను అరబ్బీ అంకెల నుంచి తయారుచేసుకున్నారట. ఉర్దూ పలక మీద ఓనమాలు దిద్దిన మాకు ఆ పడవల మీది బోర్డులు చదవబోయి, 'ఇదేమిటి, అంకెలన్నీ మాటలైపోయాయి' అనిపించింది.

అక్కడివాళ్ళు ఇస్లాం స్వీకరించింది 1153లో. ప్రసిద్ధ యాత్రికుడు ఇబ్నె బతూతా 1343లో అక్కడికి చేరి, కొంతకాలం ఖాజీగా పనిచేశాడు. ఆ దీవుల గవ్వల వ్యాపారం గురించి ఆయన రాశాడు. ఆ గవ్వలు ఓడల్లో బెంగాలుకు వచ్చి నాణేలుగా చెలామణీ అయ్యాయి. మనం ఇప్పటికీ 'చేతిలో చిల్లిగవ్వ లేదు' అంటుంటామే, ఆ గవ్వల పుట్టిల్లు ఈ సముద్రమే. అక్కడ పడవను 'దోనీ' అంటారు. మన దోనె అదే కుటుంబపు మాట. కోరంగి, తాళ్ళరేవు దగ్గర కట్టే పెద్ద చెక్క నావలను కూడా దోనీలనే అంటారు. ఇదంతా విన్నాక మా ఇంటావిడకు పరాయి దేశమన్న బెరుకు సగం తగ్గింది.

పడవే ఇల్లు

మేమున్న పడవలో గదులు ఎనిమిది. మధ్యలో భోజనాల చోటు, పైన చాప పరిచిన డాబా. పడవలో మద్యం ఉండకూడదని అల్లుడు ముందే మాట్లాడి పెట్టాడు. సఫారీ పడవల్లో అది అడిగి తెలుసుకోవలసిన విషయమే. పెద్ద పడవ వెంట ఒక దోనీ వస్తుంది. గాలి సిలిండర్లు, వాటిని నింపే యంత్రం, డైవింగ్ సామాను అన్నీ దానిలోనే. నీళ్ళలోకి దిగేవాళ్ళు ఆ దోనీ ఎక్కి వెళతారు. చీకటి పడితే పడవ నడపరు. పగడపు దిబ్బలు ఎక్కడ పైకి లేచి ఉంటాయో చీకట్లో కనబడదు కాబట్టి, ఏదో ఒక దీవి చాటున లంగరు వేస్తారు.

లంగరు వేసిన పడవ గాలికి నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. మేము ముసాఫిర్లం గనుక నమాజు కస్ర్ చేసుకుంటున్నాం. అయినా ఆ రెండు రకాతుల్లోనే ఖిబ్లా పక్కకు జరిగిపోయేది. కర్నూలులో పడమరకు నిలబడే మాకు, అక్కడ వాయవ్యం వైపు మరికాస్త తిరగవలసి వచ్చింది. పడవ కుర్రవాడు ఒకడు అజాన్ కాగానే చేయి చాచి దిక్కు చూపించి, నవ్వి వెళ్ళిపోయేవాడు.

ఊపిరి లెక్క

మొదటిరోజు సాయంత్రం డాబా మీద పాఠం. చెప్పింది ఒక మాల్దీవుల యువతి. తలకు గుడ్డ కట్టుకుని, హిందీ సినిమాలు చూసి నేర్చిన హిందీలో చక్కగా చెప్పింది. ముప్ఫై ఏళ్ళకు పైగా పాఠాలు చెబుతున్న మేము ఆ సాయంత్రం బుద్ధిగా కూర్చుని విన్నాం.

వీపున కట్టుకునే సిలిండర్లో ఉండేది ఆక్సిజన్ అనుకుంటారు చాలామంది. కాదు, మామూలు గాలే. 12 లీటర్ల సిలిండర్లో 200 బార్ల ఒత్తిడితో సుమారు 2,400 లీటర్ల గాలిని కుదించి నింపుతారు. లోతుకు పోయేకొద్దీ నీటి బరువు పెరుగుతుంది. పైన ఉన్న ఒత్తిడికి పది మీటర్ల లోతున రెట్టింపు, ఇరవై మీటర్ల లోతున మూడు రెట్లు. అందుకే లోతున గాలి త్వరగా ఖర్చవుతుంది. ముక్కు మూసి చెవుల్లోకి నెమ్మదిగా గాలి ఊదుకుంటూ దిగాలి. చెవి నొప్పి పెడితే కొంచెం పైకి రావాలేగానీ ఓర్చుకుని దిగకూడదు.

అన్నిటికంటే పెద్ద నియమం ఒకటుంది. ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. ఆమె ఒక బుడగ ఊది చూపించింది. పది మీటర్ల లోతున ఈ బుడగలో ఉన్న గాలి, నీటి పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది. ఊపిరితిత్తులూ అంతే. గాలిని వదులుతూ నెమ్మదిగా పైకి వస్తే ఏమీ కాదు. బిగబట్టి పైకొస్తే, ఆ గాలికి పోయే దారి లేక ఊపిరితిత్తులు చిట్లవచ్చు. గాలి నెత్తుటిలో కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

నీటి కింద మాటలుండవు, సైగలే. మనం 'భేష్' అని బొటనవేలు ఎత్తుతామే, అక్కడ దాని అర్థం 'పైకి పోదాం' అని. అంతా బాగుందని చెప్పడానికి బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి. ఎవరూ ఒంటరిగా దిగరు. ప్రతివారికీ ఒక జోడీ ఉంటుంది. దిగేముందు ఒకరి సామాను మరొకరు తడిమి చూడాలి. ఇద్దరిలో ఎవరు బొటనవేలు ఎత్తినా రెండోవారు ఎందుకని అడగకుండా వెంట రావాలి.

ఆ ఫారం

పాఠం అయ్యాక ఆమె తలా ఒక ఆరోగ్య ఫారం ఇచ్చింది. పడవ మాట్లాడిపెట్టిన ఏజెంటు దాన్ని మాకు ముందే పంపవలసింది, పంపలేదు. గుండె జబ్బు ఉందా, మూర్ఛ వచ్చిందా, చెవి ఆపరేషన్ జరిగిందా, ఉబ్బసం ఉందా, ఇలా ప్రశ్నలు. ఉబ్బసంలాంటి వాటికి అవునని రాస్తే డాక్టరు పరీక్షించి సంతకం చేయాలి. అప్పటిదాకా సిలిండర్‌తో దిగడానికి వీల్లేదు. సముద్రం మధ్య డాక్టరు ఎక్కడ దొరుకుతాడు? మాకు బి.పి. మాత్ర ఉంది గనుక మాది అప్పుడే తేలిపోయింది. మేము దిగాలని అనుకోలేదు కూడా.

మా అబ్బాయికి చిన్నప్పటి నుంచి ఉబ్బసం. పదేళ్ళు దాటాక తగ్గింది. నాలుగేళ్ళుగా ఏమీ లేదనే చుట్టాలందరికీ తెలుసు. కానీ ఆ ఏడాది జనవరిలో ఒక రాత్రి ఊపిరాడక, ఆసుపత్రికి తీసుకెళ్ళి మందు పొగ పట్టించాం. ఆ సంగతి మాకు, మా ఇంటావిడకు, వాడికి తప్ప ఎవరికీ తెలియదు. వాడు ఈ ప్రయాణం కోసం ఆరు నెలలు పొద్దున్నే లేచి ఈత నేర్చుకున్నాడు. మైనరు గనుక సంతకం తండ్రి చేయాలి.

"మామూ, ఎప్పుడో చిన్నప్పటి సంగతి కదా. లేదని రాసెయ్యండి. దిగేది పది మీటర్లే" అన్నాడు అల్లుడు. పాపం, ఆయనకు జనవరి సంగతి తెలియదు. మా ఇంటావిడ ఏమీ అనలేదు. అబ్బాయి మా చేతిలో కలం వైపే చూస్తున్నాడు.

మేము 'లేదు' అని గీత పెట్టి, కింద సంతకం చేశాం.

ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. బడిలో ఎన్ని వందల మంది పిల్లలకు నిజం చెప్పమని బోధించామో! పెట్టిన ఖర్చు, పిల్లవాడి ముఖంలో ఆశ, నలుగురిలో మొహమాటం, ఈ మూడూ కలిసి మా చేత ఆ గీత పెట్టించాయి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండు గంటల వేళ అబ్బాయి నిద్రలో రెండుసార్లు దగ్గాడు. ఉప్పుగాలికి వచ్చిన దగ్గు, అంతే. కానీ మాకు ఆ బుడగ గుర్తుకొచ్చింది. ఫజ్ర్ కాగానే దోనీలో సామాను సర్దుతున్న ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి, జనవరి సంగతంతా చెప్పాం.

ఆమె కోప్పడలేదు. పాత ఫారం చించి కొత్తది ఇచ్చింది. "ఉబ్బసం ఉన్నవాళ్ళ ఊపిరితిత్తుల్లో సన్నని గొట్టాలు ఒక్కోసారి మూసుకుపోతాయి. గాలి వదులుతున్నా, మూసుకున్నచోట కొంత లోపలే చిక్కుకుంటుంది. పైకి వచ్చేటప్పుడు అది బుడగలా ఉబ్బుతుంది. సిలిండర్ గాలి పొడిగా, చల్లగా ఉంటుంది. అది కూడా ఆయాసాన్ని రేపవచ్చు. మీరు చెప్పకపోతే నాకు తెలిసే దారి లేదు" అంది.

అబ్బాయికి చెప్పడం అంతకంటే కష్టమైంది. వాడు ఏడవలేదు. "నిన్న ఎందుకు లేదని రాశారబ్బా? రాయకుండా ఉంటే నిన్ననే ఊరుకునేవాణ్ణి కదా" అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేదు. తప్పు మాదేనని వాడితో చెప్పి, మన్నించమన్నాం. వాడు డాబా మీదికి వెళ్ళి కూర్చున్నాడు. మధ్యాహ్నం భోజనానికి కూడా దిగి రాలేదు.

అమ్మాయి దిగిన రోజు

మా అమ్మాయిని పంపడానికి మొదట మాకు దుస్తుల గురించి బెంగ ఉండేది. తీరా చూస్తే డైవింగ్ దుస్తులు మెడ నుంచి చీలమండ దాకా కప్పేవే. తలకు టోపీలాంటి తొడుగు కూడా దొరుకుతుంది. నేర్పేది ఆడమనిషి కావాలని అల్లుడు ముందే అడిగాడు. మొదట నడుములోతు నీళ్ళలో నోటితో ఊపిరి పీల్చడం, మాస్కులో చేరిన నీటిని ముక్కుతో ఊది పంపడం నేర్పారు. తర్వాతే లోతు. కొత్తవాళ్ళను 12 మీటర్లు దాటనివ్వరు. సర్టిఫికెట్ ఉన్నవారికైనా అక్కడ చట్టప్రకారం 30 మీటర్లే హద్దు.

అమ్మాయి బిస్మిల్లా అని వెనక్కి వాలి నీళ్ళలో పడింది. మేము దోనీ అంచున కూర్చుని బుడగలు లెక్కపెట్టుకున్నాం. నీళ్ళు తేటగా ఉన్నా మనిషి కనబడదు. బుడగల గుంపు ఒకటి కదులుతుంటుంది, దానినే కన్నార్పకుండా చూస్తాం. అరగంట దాటాక, ఒడ్డున ఉన్న తండ్రికి అర్ధరాత్రి దాటినట్టుంటుంది. పైకి వచ్చి మాస్కు తీసి ఆమె అన్న మొదటి మాట, "అబ్బా, అక్కడ చప్పుడు ఉంది!" చేపలు పగడాన్ని కొరికే చప్పుడట. చిలుక ముక్కులాంటి నోరున్న చేపలు పగడాన్ని గీకి తిని, తెల్లని ఇసుకగా విసర్జిస్తాయి. దీవుల మీది ఇసుకలో చాలా భాగం అలా వచ్చిందేనని అల్లుడు చెప్పాడు.

కానీ అన్నిచోట్లా రంగులు లేవు. కొన్నిచోట్ల పగడం బూడిదరంగుగా విరిగి పడి ఉందని చెప్పింది. పగడమంటే ప్రాణి. దాని ఒంట్లో కంటికి కనబడని నాచు ఉండి దానికి తిండి, రంగు ఇస్తుంది. నీళ్ళు మితిమీరి వేడెక్కితే పగడం ఆ నాచును వెళ్ళగొట్టి పాలిపోతుంది. వేడి తగ్గకపోతే చచ్చిపోతుంది. 1998లో, మళ్ళీ 2016లో అక్కడ పెద్ద ఎత్తున అదే జరిగింది. 2009లో ఆ దేశపు మంత్రివర్గం డైవింగ్ దుస్తుల్లో సముద్రం అడుగున సమావేశమైంది ఆ బాధ లోకానికి చెప్పడానికే. ఆ దీవులు నీటిమట్టానికి మీటరు, మీటరున్నర ఎత్తు కూడా ఉండవు. పగడం పోతే అలలకు అడ్డు పోయినట్టే.

హనీఫారులో అందరూ ఒకటే

బుధవారం నాటికి పడవ మాలేకు వాయవ్యాన ఉన్న బా అటోల్ చేరింది. 2011లో యునెస్కో దీన్ని జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించింది. అక్కడ హనీఫారు అనే చిన్న సముద్రపు మడుగు ఉంది. జూన్ నుంచి నవంబరు దాకా, నైరుతి గాలుల కాలంలో, పోటు నీరు సన్నని జీవరాశిని మోసుకొచ్చి ఆ మడుగులో గుమిగూడుస్తుంది. దాన్ని తినడానికి మాంటా రేలు వస్తాయి. మన కోస్తా జాలర్లు టేకు చేప అంటారే, ఆ జాతిలో పెద్దది. రెక్కలు చాస్తే మూడు మీటర్ల పైమాటే. దీనికి ముల్లు లేదు, మనిషిని ఏమీ చేయదు.

అక్కడ మాకు తెలిసిన సంగతి ఏమిటంటే, 2012 నుంచి ఆ మడుగులో సిలిండర్‌తో దిగడం నిషేధం. బుడగలకు మాంటాలు బెదురుతాయని ఆ నియమం. ఎంతటి డైవరైనా మాస్కు, నోటి గొట్టంతో పైన తేలుతూ చూడవలసిందే. అదీ 45 నిమిషాలే. ముట్టుకోకూడదు, దారికి అడ్డం పోకూడదు.

అబ్బాయి ఈదడానికి ఆ అమ్మాయి ఒప్పుకుంది. లైఫ్ జాకెట్ వేసుకోవాలి, పీల్చే పంపు దోనీలో చేతికందేచోట ఉండాలి, ఆయాసం అనిపిస్తే వెంటనే చెయ్యెత్తాలి అని మూడు షరతులు పెట్టింది. ఆ రోజు వాడికి జోడీ మేము. మా అల్లుడు, వందసార్లు సముద్రం దిగినవాడు, మా పక్కనే మాలాగే బోర్లా తేలుతున్నాడు.

ముందు నీళ్ళు మసకగా కనిపించాయి. తర్వాత ఒక నల్లని దుప్పటి కింది నుంచి లేచినట్టయింది. తెల్లని నోరు బార్లా తెరుచుకుని, మా పొట్టల కిందుగా వచ్చి, మలుపు తిరిగి పోయింది. దాని వెనక మరొకటి, దాని వెనక మరొకటి, గుండ్రంగా వరుస కట్టాయి. అబ్బాయి మా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. రెండో చేత్తో వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. పదకొండు. కొంతసేపటికి వాడు మావైపు తిరిగి బొటనవేలు ఎత్తాడు. మేము కంగారుపడి వాణ్ణి దోనీ వైపు లాక్కుపోయాం. ఆయాసమా అని అడిగితే, మాస్కు తీసి నవ్వి, "కాదబ్బా, బాగుందన్నాను. మరిచిపోయాను" అన్నాడు. నాలుగు రోజుల తర్వాత వాడు మాతో మనసిచ్చి మాట్లాడటం అదే.

చివరి రోజు

డైవింగ్ చేసినవారు వెంటనే విమానం ఎక్కకూడదు. లోతున ఒంట్లో కరిగిన నైట్రోజన్, ఎత్తుకు పోతే బుడగలుగా తేలుతుంది. కనీసం 18 గంటలు ఆగాలి, ఒక రోజంతా ఆగితే ఇంకా మంచిది. అందుకని గురువారం పొద్దున్నే చివరిసారి దిగి, శుక్రవారం మాలేలో గడిపాం. 1984లో కట్టిన బంగారు గుమ్మటం మసీదులో జుమా నమాజు చదివాం. తర్వాత పాత జుమా మసీదును బయటి నుంచి చూశాం. దాని పేరు హుకురు మిస్కియ్. హుకురు అంటే మన శుక్రవారమే. 1658లో కట్టిన ఆ మసీదు గోడలన్నీ పగడపు రాళ్ళే. సున్నం లేకుండా ఒకదానిలో ఒకటి ఇమిడేలా చెక్కారు. నీటి కింద ప్రాణంతో చూసినదే, ఇక్కడ మూడున్నర శతాబ్దాలుగా గోడయి నిలబడి ఉంది. అబ్బాయి దాని మీద చెయ్యి వేయబోయి, హనీఫారు గుర్తొచ్చిందేమో, వెనక్కి తీసుకున్నాడు.

ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవారికి మా మాట ఇది. ఆరోగ్య ఫారం ఎలా ఉంటుందో రెండు నెలల ముందే అడిగి తెప్పించుకోండి. ఇంట్లోవాళ్ళ జబ్బులు దాచకుండా డాక్టరుకు చూపించండి. డైవింగ్ ప్రమాదాలకు వర్తించే బీమా ఉందో లేదో చూసుకోండి. ఇవన్నీ మేము ప్రయాణానికి ముందే చేసి ఉంటే, ఆ రాత్రి ఆ కలం మా చేతిలోకి వచ్చేదే కాదు.

కర్నూలు వచ్చాక అబ్బాయిని ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఒక గొట్టంలోకి ఊదించి పరీక్ష చేశారు. మందు క్రమం తప్పకుండా వాడాలని, ఏడాది తర్వాత మళ్ళీ పరీక్షించి డైవింగ్ సంగతి అప్పుడు చూద్దామని చెప్పారు. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

పరీక్షకు ముందు డాక్టరు, "చివరిసారి ఆయాసం ఎప్పుడు వచ్చింది?" అని మమ్మల్ని అడిగారు. మేము నోరు తెరిచేలోగా మా అబ్బాయే చెప్పాడు: "జనవరిలో సార్. రాత్రిపూట. గట్టిగానే వచ్చింది."